ఆదివారం తరగతికి అభినందనలు

హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి. గ్రూప్స్‌కి చదివే పిల్లలు తలుపులు తీయకముందే వచ్చి నిలబడతారు. ఈమధ్య ఒక పనిమీద అటు వెళ్లినప్పుడు బల్లల మధ్య మెల్లగా నడుస్తూ ఎవరి ముందు ఏ పుస్తకం ఉందో చూశాను. పాఠాలు చెప్పినవాడికి ఆ అలవాటు పోదు. తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన చాలాచోట్ల ఇంకో పుస్తకం కనిపించింది. అట్ట నలిగింది, అంచులు మాసిపోయాయి, మార్జిన్ నిండా పెన్సిల్ గీతలు. ‘ఏం పుస్తకం బాబూ?’ అని ఒకబ్బాయిని అడిగాను. ‘ఓపెన్ యూనివర్సిటీది సార్, చరిత్ర’ అన్నాడు. అక్కడ చదివావా అంటే లేదన్నాడు. రెగ్యులర్ కాలేజీలోనే డిగ్రీ చేశాడట. మరి ఇదెందుకు అంటే, ‘ఎవరూ చెప్పకపోయినా అర్థమవుతుంది సార్’ అన్నాడు.

తన విద్యార్థి కాని కుర్రాడు కూడా వెతుక్కుని కొనుక్కుని చదివే పాఠ్యపుస్తకం రాయించిన విశ్వవిద్యాలయాలు ఎన్ని ఉంటాయి? డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 ఆగస్టు 26న, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో, నాగార్జునసాగర్‌లో మొదలైంది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం అన్నమాటకు అదే మొదటి రూపం. నలభై ఏళ్లు నిండి, యాభై వైపు నడుస్తోంది. ఏటా ఆగస్టు 26 వచ్చినప్పుడల్లా నేను మనసులోనే ఒక నమస్కారం పెట్టుకుంటాను. ఈసారి దాన్ని కాగితం మీద పెట్టాలనిపించింది.

నేను ఆ విశ్వవిద్యాలయం ఉద్యోగిని కాను. చిత్తూరు జిల్లాలో డిగ్రీ విద్యార్థులకు ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వారం రోజులూ రెగ్యులర్ పిల్లలకు చెప్పి, ఆదివారాలు దూరవిద్య అధ్యయన కేంద్రాల్లో కౌన్సిలర్‌గా కూర్చునేవాణ్ణి. ఒక సంస్థ కేంద్రమని కాదు, పిలిచిన చోటికల్లా వెళ్లాను. ఇరవై ఏళ్లకు పైగా నా ఆదివారాలు అలాగే గడిచాయి. ఇంట్లోవాళ్లు మొదట్లో విసుక్కున్నారు, తర్వాత అలవాటుపడ్డారు. దూరవిద్యలో బోధన మెరుగుపడటం అంటే ఏమిటో నాకు తెలిసిందంతా ఆ ఆదివారాల్లో తెలిసిందే.

సాగర్‌లో ఈ దీపం వెలిగించే నాటికి దేశంలో దూరవిద్య కొత్తదేమీ కాదు. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరెస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే ఆ దారి పట్టింది. ఆ రోజుల్లో చదివినవాళ్లకు సైక్లోస్టైల్ నోట్సులు గుర్తుండే ఉంటాయి. తరగతిలో మాస్టారు చెప్పేదాన్ని కాగితం మీదికి ఎక్కించి, కవరులో పెట్టి పోస్టు చేసేవారు. ఎన్నో వేలమందికి డిగ్రీ చేతికి రావడానికి అవే ఆధారం. వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ తరగతిలో మాస్టారు చెప్పేటప్పుడు పిల్లవాడి మొహం చూస్తాడు. అర్థం కాలేదని మొహమే చెబుతుంది, ఇంకోసారి చెబుతాడు. పోస్టులో వచ్చిన నోట్సుకి ఎదుటి మొహం కనిపించదు. ఈ లోటును గుర్తించి, దాన్ని పూడ్చడానికే ఒక విశ్వవిద్యాలయాన్ని కట్టవచ్చన్న ఆలోచన బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీగా రూపం కట్టింది. పదమూడేళ్లకు అది కృష్ణ ఒడ్డుకు వచ్చింది.

భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నది ఏడు నెలలే. ఆ ఏడు నెలల్లోనే ఈ విశ్వవిద్యాలయం పుట్టింది. దానికి మొదటి ఉపకులపతి ఆచార్య జి. రామ్‌రెడ్డి. ఆయన రాజనీతిశాస్త్రం చదువుకున్న మనిషి, పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసినవాడు, అంతకుముందు ఉస్మానియా ఉపకులపతి. ఊళ్లో అధికారం ఎలా పంచుకుంటారో పరిశీలించిన పండితుడు విశ్వవిద్యాలయాన్ని ఊరి దాకా తీసుకుపోవడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టడానికి పిలిచిందీ ఆయన్నే. అంటే ఇప్పుడు దేశమంతా ఇగ్నో అని పిలుచుకునే ఆ మహావృక్షానికి విత్తు సాగర్‌లోనే మొలిచింది. తర్వాత ఆయన యూజీసీ అధ్యక్షుడయ్యారు, 1995లో కన్నుమూశారు. అంబేద్కర్ శతజయంతి సందర్భంగా 1991లో విశ్వవిద్యాలయానికి ఆ మహనీయుడి పేరు పెట్టారు. చదువు అందనివాడికి చదువు అందించే సంస్థకు అంతకంటే తగిన పేరు ఉండదు.

నాగార్జునసాగర్ అనగానే అందరికీ డ్యాం గుర్తొస్తుంది. నాకు డ్యాం కట్టినప్పుడు నీళ్లలో మునిగిన విజయపురి గుర్తొస్తుంది. ఇక్ష్వాకుల కాలంలో అక్కడ బౌద్ధ విహారాలుండేవి. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేదని శాసనాలు చెబుతున్నాయి. పదిహేడు వందల ఏళ్ల కిందట చదువుకోసం సముద్రం దాటి మనుషులు ఆ లోయకు నడిచి వచ్చారు. 1982లో అదే లోయ నుంచి చదువు బయలుదేరి మనుషుల ఇళ్లకు నడిచి వెళ్లింది. చోటు ఎంచినవాళ్లు ఇది ఆలోచించారో లేదో గానీ, ఆ నేల చరిత్ర తెలిసినవాడికి ఒళ్లు పులకరిస్తుంది.

ఇంటర్ చదవకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఆనాడు కల్పించారు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివే దారి వేశారు, ఉర్దూకూ చోటిచ్చారు. ఇవి తరచూ చెప్పుకునే గొప్పలే. బోధన సంగతికొస్తే మాత్రం నేను మొదట మొక్కేది వాళ్ల పుస్తకానికి. చిక్కడపల్లి కుర్రాడు చెప్పిన మాట వెనక చాలా చాకిరీ ఉంది. పుస్తకం మొదటి పేజీల్లో పాఠ రచయితల పేర్లు, సంపాదకుల పేర్లు చూడండి. వేర్వేరు విశ్వవిద్యాలయాల ఆచార్యులు ఒక్కో పాఠం రాశారు, ఇంకొకరు దాన్ని సరిదిద్దారు, భాష చూసినవాళ్లు వేరు. పాఠం మొదట్లోనే ఇది చదివాక మీకు ఏం తెలియాలో చెబుతుంది. మధ్యలో ఆపి ప్రశ్న అడుగుతుంది. చివర్లో మళ్లీ గుర్తుచేస్తుంది. ఒక పాఠం ఒక కూర్చోవడంలో అయిపోతుంది. పొద్దంతా పనిచేసి వచ్చి, లాంతరు ముందో బల్బు కిందో గంటసేపు మాత్రమే కూర్చోగలిగిన మనిషిని కళ్లముందు పెట్టుకుని రాసిన పుస్తకం అది. స్వీడన్‌కు చెందిన విద్యావేత్త హోల్మ్‌బెర్గ్ దూరవిద్య పాఠం ఎలా ఉండాలో చెబుతూ, అది దారి చూపే సంభాషణలా సాగాలన్నాడు. మన భాషలో అలాంటి సంభాషణకు నమూనా ఇదిగో అని నేను ఎవరికైనా ఆ పుస్తకమే చూపిస్తాను.

విశ్వవిద్యాలయ స్థాయి సంగతుల్ని తెలుగులో చెప్పడం అప్పటికి తేలిక పని కాదు. పరిపాలనాశాస్త్రం, ప్రభుత్వ విత్తం, పరిశోధన పద్ధతులు, వీటన్నిటికీ మాటలు కుదర్చాలి. కొన్ని మాటలు నిలిచాయి, కొన్ని గొంతులో అడ్డంపడ్డాయి. అడ్డంపడినవాటిని ఇప్పుడు తీసేసి జనం నోట్లో ఉన్న మాట వేయవచ్చు. ఏదేమైనా తెలుగులో సామాజిక శాస్త్రాల వచనం ఇవాళ ఇంత ఎదిగిందంటే అందులో ఈ పుస్తకాల వాటా పెద్దది. తెలుగు భాషకు జరిగిన సేవల జాబితాలో దీన్ని ఎవరూ రాయరు. అది అన్యాయం.

ఇక ఆదివారం. అధ్యయన కేంద్రం ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతాను. వారమంతా రెగ్యులర్ పిల్లలతో గోలగా ఉండే కాలేజీ ఆదివారం పూట మూగబోయి ఉంటుంది. అటెండరు తాళాల గుత్తితో వచ్చి రెండు గదులు తీస్తాడు, బిందెలో నీళ్లు పడతాడు, శనివారం బోర్డు మీద మిగిలిన లెక్కలు తుడుస్తాడు. పదిన్నరకు మొదలుకావాల్సిన తరగతి పల్లె బస్సు వచ్చాక మొదలవుతుంది. ముందు బెంచీలో పోలీసు కానిస్టేబుల్, ఆయన పక్కన కరెంటు ఆఫీసులో లైన్‌మన్. కండక్టరొకాయన నైట్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చేవాడు. ఆడవాళ్ల వైపు అంగన్‌వాడీ టీచర్లు, కుట్టుమిషను పెట్టుకున్నామె, పదో తరగతి అవగానే పెళ్లయి పన్నెండేళ్లకు మళ్లీ పుస్తకం పట్టినామె. ఒకామె పిల్లను వెంట తెచ్చేది. ఆ పాప వెనక బెంచీలో పలక మీద రాసుకుంటూ కూర్చునేది. అమ్మా కూతురూ ఒకే గదిలో చదువుకునేవారు.

ఆ గదిలోకి మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. వారం రోజులూ చెప్పే లెక్చరునే అక్కడా ఇచ్చాను. డిమాండు నియమం, నిర్వచనం, మినహాయింపులు, బోర్డు మీద పటం. గంటన్నర. కండక్టరు కళ్లు మూతలు పడ్డాయి. తప్పు ఆయనది కాదు. నేను చెప్పినదంతా ఆయన చేతిలోని పుస్తకంలో నాకంటే బాగా ఉంది. ముప్ఫై కిలోమీటర్లు బస్సులో వచ్చిన మనిషికి, పుస్తకం ఇవ్వగలిగిందే నేనూ ఇస్తే ఆ బస్సు చార్జీ దండగ కదా! ఈ సంగతి నాకు తట్టడానికి రెండేళ్లు పట్టింది. ఎవరూ చెప్పలేదు. రెగ్యులర్ తరగతిలో పాఠం చెప్పడం వస్తే ఆదివారం తరగతిలోనూ చెప్పడం వచ్చేసినట్టేనని అందరం అనుకున్నాం.

దూరవిద్య సభల్లో వక్తలు తప్పకుండా ఏకలవ్యుణ్ణి తలుచుకుంటారు. గురువు దగ్గర లేకపోయినా విద్య నేర్చాడు కాబట్టి ఆయనే మన మొదటి దూరవిద్యార్థి అంటారు. చప్పట్లు పడతాయి. నాకు మాత్రం ఆ పోలిక వినగానే మనసు కలుక్కుమంటుంది. ఏకలవ్యుడు పెట్టుకున్నది మట్టి బొమ్మ. బాణం గురి తప్పితే బొమ్మ చెప్పదు. మోచేయి కొంచెం పైకెత్తమని అనదు. భేష్ అని భుజం తట్టదు. ఏకలవ్యుడు నేర్చాడంటే అది ఆ పిల్లవాడి ప్రతిభ, దాంట్లో బొమ్మ చేసిందేమీ లేదు. వెయ్యిమందిలో ఒక ఏకలవ్యుడు ఉంటాడు. తక్కిన తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది బొమ్మ ముందు కొన్నాళ్లు నిలబడి, విల్లు పక్కన పెట్టి వెళ్లిపోతారు. దూరవిద్యలో మధ్యలో మానేసేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. వాళ్లను సోమరులని అనేవాళ్లుంటారు. వాళ్లకు జవాబు చెప్పే గురువు దొరకలేదని నేనంటాను.

విద్యావేత్త మైఖేల్ మూర్ ఈ దూరాన్ని కిలోమీటర్లలో కొలవలేమని ఏనాడో చెప్పాడు. నేర్పేవాడికీ నేర్చేవాడికీ మధ్య మాటలు ఎంత తక్కువైతే దూరం అంత ఎక్కువ. ఆ లెక్కన మొదటి బెంచీలో కూర్చున్న రెగ్యులర్ విద్యార్థి కూడా దూరవిద్యార్థే కావచ్చు. నూటయాభై కిలోమీటర్ల అవతల ఉన్నామెకు మాస్టారు చెంతనే ఉన్నట్టుండవచ్చు. ఇది పుస్తకంలో చదివినప్పుడు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మదనపల్లె టమాటా నేర్పింది.

అప్పుడు నేను మదనపల్లెకు దగ్గర్లో ఒక కేంద్రంలో కౌన్సిలర్ని. నేను చెప్పే కోర్సులో విద్యార్థులు ఇంటి దగ్గర జవాబులు రాసి తేవాలి, మేం దిద్ది మార్కులు వేయాలి. దిద్దడమంటే ఏముంది, పేజీకో టిక్కు, చివర్లో మార్కు, సంతకం. నలభై కాగితాలు గంటలో అయిపోయేవి. ఒక అంగన్‌వాడీ టీచరమ్మ జవాబు దగ్గర చేయి ఆగింది. ప్రశ్న సప్లయి నియమం గురించి. ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు రాసింది. మధ్యలో ‘పటం 4.1 చూడండి’ అని ఉంది. ఆమె కాగితంలో పటమే లేదు. పుస్తకంలోని వాక్యాన్ని పుస్తకంలో ఉన్నట్టే దించేసింది. కోప్పడబోయాను. అంతలో, నేను దిద్దే తీరు ఇలా ఉంటే ఆమె ఇంకెలా రాస్తుంది అనిపించింది. టిక్కు పెట్టలేదు. మార్జిన్‌లో ఇలా రాశాను: ‘ఇది పుస్తకంలో ఉంది, మీరు చదివారని తెలిసింది. మీ ఊళ్లో టమాటా వేస్తారు కదా. మండీలో ధర పెరిగిన రోజే రైతు సప్లయి పెంచగలడా? మీకు తెలిసింది రాసి తీసుకురండి.’

రెండు వారాలకు తెచ్చింది. ఈసారి అక్షరాలు ముత్యాల్లా లేవు, కొట్టివేతలున్నాయి. ఒకటిన్నర పేజీ. ధర బాగుందని విని అందరూ నారు పోస్తారట. నాటిన రెండున్నర, మూడు నెలలకు కాయ కోతకొస్తుంది. అప్పటికి మండీలో బాక్సులు కొండలా పేరుకుంటాయి, కోత కూలి కూడా రాదు. మరుసటిసారి భయపడి ఎవరూ వేయరు, ధర మళ్లీ ఎక్కుతుంది. చివర ఒక వాక్యం రాసింది: ‘ధర చూసి నారు పోస్తే కాయ చేతికొచ్చేసరికి ఆ ధర ఉండదు సార్, అందరం ఒకే ధర చూసుంటాం కదా.’

ఆర్థికశాస్త్రంలో దీన్ని కాబ్‌వెబ్ సిద్ధాంతం అంటారు. తెలుగులో సాలెగూడు సిద్ధాంతం. 1934లో నికొలాస్ కాల్డార్ ఆ పేరు పెట్టాడు. ఆమె చదువుతున్న పాఠంలో అది లేదు. సొంత పొలం గట్టు మీద నిలబడి ఆమె దాన్ని తానే కనిపెట్టింది. తరువాతి ఆదివారం బోర్డు మీద ఆమె వాక్యం రాసి, దాని కింద సాలెగూడు పటం గీశాను. ఆ రోజు కండక్టరు నిద్రపోలేదు. ఆయనా రైతు బిడ్డే. ‘ఉల్లిగడ్డ కూడా అంతే సార్’ అన్నాడు. గది మొత్తం మాట్లాడింది. నేను తక్కువ మాట్లాడాను. ఆమె డిగ్రీ ఏ క్లాసులో పాసయిందో ఇప్పుడు జ్ఞాపకం లేదు. ఆ వాక్యం మాత్రం నేను మరిచిపోలేదు.

అప్పటినుంచి ప్రతి కాగితం మీదా ఒక ప్రశ్న రాయడం నియమం చేసుకున్నాను. ఒక్కో కాగితానికి నాలుగైదు నిమిషాలు పట్టేది. నలభై కాగితాలకు మూడు గంటలు. దీనికి అదనంగా ఎవరూ డబ్బులివ్వరు. కాగితానికి ఇంత అని ఇచ్చేది టిక్కు పెట్టినా అంతే, ఉత్తరం రాసినా అంతే. నా అనుభవంలో దూరవిద్యలో బోధన నాణ్యత నిలబడేదీ పడిపోయేదీ ఈ నాలుగు నిమిషాల దగ్గరే. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం కోర్సు మధ్యలో జరిగే మూల్యాంకనానికి 30 శాతం దాకా, చివరి పరీక్షకు కనీసం 70 శాతం మార్కులుంటాయి. ఆ 30 శాతాన్ని మార్కుల కిందే లెక్కవేస్తే ఉదారంగా వేసిన మార్కులుగా మిగిలిపోతుంది. గురువు జవాబు చెప్పే అవకాశంగా చూస్తే చదువు మొత్తం దాని చుట్టూ తిరుగుతుంది. దిద్దిన కాగితం తరువాతి పాఠం చదవకముందే విద్యార్థి చేతికి రావాలి. పరీక్షలయ్యాక వచ్చిన వ్యాఖ్య పెళ్లయ్యాక వచ్చిన శుభలేఖ.

అందుకే ఈ పుట్టినరోజున నేను విశ్వవిద్యాలయ పెద్దలను, వాళ్లతో పాటు తెలుగు రాష్ట్రాల్లో దూరవిద్య నడిపే ప్రతి సంస్థనూ కోరేది ఒకటే. కౌన్సిలర్‌కు శిక్షణ ఇవ్వండి. ఈ విషయంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి దారి తెలుసు. సిబ్బంది శిక్షణకు అక్కడ కేంద్రం ఉంది, రామ్‌రెడ్డి గారి పేరు మీద దూరవిద్య పరిశోధనకు అకాడమీ ఉంది. ఇగ్నోలో స్ట్రైడ్ అనే సంస్థ 1990ల నుంచి ఇదే పని చేస్తోంది. శిక్షణ అంటే నాలుగు ఉపన్యాసాలు, భోజనం, సర్టిఫికెట్ అని కాదు నా ఉద్దేశం. కౌన్సిలర్లను ఒక గదిలో కూర్చోబెట్టి, పేర్లు తీసేసిన పది జవాబు కాగితాలు ఇచ్చి దిద్దమనండి. తర్వాత ఒకరి కాగితాలు ఒకరు మార్చుకుని చూసుకోమనండి. ఒకే జవాబుకు ఒకాయన ఉత్త టిక్కు పెట్టి ఉంటాడు, ఇంకొకామె రెండు వాక్యాలు రాసి ఉంటుంది. ఆ తేడా కళ్లారా చూసినవాడికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. ఒక పూట చాలు. నాకు రెండేళ్లు పట్టింది కొత్తవాళ్లకు ఒక పూటలో వస్తుంది.

చేరిన మొదటి నెలన్నర గురించి కూడా చెప్పాలి. నేను చూసినంతలో, మానేసేవాళ్లలో ఎక్కువమంది అప్పుడే మానేస్తారు. పుస్తకాల కట్ట ఇంటికి తెచ్చి విప్పుతారు, వాసన చూస్తారు, మొదటి పాఠం రెండు పేజీలు చదువుతారు. ఈలోగా పొలం పనో, పిల్లల జ్వరమో వస్తుంది. కట్ట అటకెక్కుతుంది. ఆ రోజుల్లో నేను హాజరు పుస్తకంలో పేరుండి మనిషి రానివాళ్లకు పదిహేను పైసల కార్డు రాసేవాణ్ణి. తర్వాత ఫోను చేసేవాణ్ణి. ‘మీరు ఈ ఆదివారం రాలేదేం?’ అన్న ఒక్క మాటకు తిరిగొచ్చినవాళ్లున్నారు. తాము రాలేదని ఎవరో గమనించారన్న సంగతే వాళ్లను రప్పించింది. ఇప్పుడు ఈ పనికి కంప్యూటర్ సందేశాలు పంపుతున్నారు. మంచిదే. దాంతోపాటు మనిషి గొంతు కూడా వినిపించాలి.

యంత్రాల గురించి నాకు పేచీ లేదు. ఆకాశవాణిలో పాఠాలు వచ్చిన రోజుల్లో టీ కొట్టు రేడియో దగ్గర పుస్తకం తెరుచుకుని కూర్చున్న విద్యార్థిని చూశాను. దూరదర్శన్ పాఠాలు వచ్చాయి, తర్వాత మన టీవీ వచ్చింది, తెలంగాణలో టీ-శాట్ వచ్చింది. దేశవ్యాప్తంగా స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఉంది. నైట్ డ్యూటీ కండక్టరు ఇవాళ బస్టాండులో కూర్చుని ఫోనులో పాఠం చూడగలడు. ఇది గొప్ప సంగతి. గంటసేపు స్టూడియోలో కూర్చుని చదివిన ఉపన్యాసం కంటే, ఒకే సందేహానికి ఎనిమిది నిమిషాల జవాబు ఎక్కువ పనికొస్తుంది. విద్యార్థులు ఏ పాఠం దగ్గర ఆగిపోతున్నారో కౌన్సిలర్లకు తెలుసు. వాళ్లను అడిగి ఆ జవాబులే ముందు రికార్డు చేయిస్తే బాగుంటుంది. దిద్దిన కాగితానికి బదులు రెండు నిమిషాలు మాట్లాడి వాట్సాప్‌లో పంపవచ్చు. మార్జిన్‌లో రాతకు చాలని చోటు గొంతుకు దొరుకుతుంది.

సైన్సు విద్యార్థులకు ప్రయోగశాల, ఉర్దూ మీడియం వాళ్లకు సమయానికి కౌన్సిలర్, చూపులేని వాళ్లకు వినిపించే పుస్తకం, వీటి సంగతి వాటి నిపుణులు నాకంటే బాగా చెబుతారు. చర్లపల్లి లాంటి కేంద్ర కారాగారాల్లో శిక్ష అనుభవిస్తూ ఈ విశ్వవిద్యాలయం డిగ్రీ తీసుకున్నవాళ్లున్నారు. గోడ అవతలి మనిషికి పాఠం చేరవేయగలిగిన సంస్థకు కష్టమైన పని ఏముంటుంది!

అభినందన వ్యాసంలో పెద్దల పేర్లు చెప్పడం రివాజు. చెప్పాను. ఇప్పుడు పేర్లు ఎక్కడా అచ్చుకానివాళ్లకు చెబుతాను. ఆదివారం ఇంటిపట్టున ఉండకుండా వచ్చి గది తాళం తీసే అటెండరుకు అభినందనలు. నూరుమంది ఒకేసారి మీదపడినా పుస్తకాల కట్టలు పేరు చూసి అందించే కేంద్రం గుమాస్తాకు అభినందనలు. వెనక బెంచీలో పలక పట్టుకుని అమ్మ పాఠం అయ్యేదాకా ఏడవకుండా కూర్చున్న పాపకు అభినందనలు. ఆ పాపకు ఇప్పుడు పెళ్లీడు వచ్చి ఉంటుంది. భార్య పరీక్ష రోజున వంట చేసిన భర్తలకు, అంతకంటే ఎక్కువమందైన, ఏ సాయమూ లేకుండానే పరీక్షకొచ్చిన భార్యలకు అభినందనలు. చిక్కడపల్లి కుర్రాడి చేతిలో ఉన్న చరిత్ర పుస్తకంలో ఒక పాఠం రాసి, ఎవరు చదువుతున్నారో ఎన్నడూ తెలుసుకోలేకపోయిన ఆచార్యుడికి అభినందనలు. ఆయనకు ఒక్కటి చెప్పాలనుంది. అయ్యా, మీ పాఠం ఆ కుర్రాడికి అర్థమైంది.

కౌన్సిలర్లుగా ఉన్న నా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మనవి. ఈ ఆదివారం మీ ముందుకు వచ్చే కాగితాల్లో ఒక్కదాన్ని ఎంచుకుని, మార్కు వేయకముందు ఆ మనిషి ఊరు ఏమిటో, పని ఏమిటో చూడండి. ఆ పనికీ మీ పాఠానికీ సంబంధం ఉన్న ఒక ప్రశ్నను మార్జిన్‌లో రాయండి. రెండు వారాలు ఆగి, ఏం జవాబు వచ్చిందో చూడండి. విశ్వవిద్యాలయానికి జన్మదిన శుభాకాంక్షలు.